నాలుగో తీగను కూడా గీయించండి

తెలంగాణ ప్రభుత్వ ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి గారికి,



"సార్, ఫ్యూజు పోయింది గానీ లైట్లు పోలే."

రాత్రి ఎనిమిది దాటాక ఒక ఇంజనీరింగ్ కళాశాల ఎలక్ట్రీషియన్ నాకు ఫోన్ చేసి అన్న మాట ఇది. ఊరు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనిది, పేరు వద్దు. మెయిన్ ఎల్‌టీ ప్యానెల్‌లో ఆర్ ఫేజు అమ్మీటర్ సున్నాకు పడిపోయింది. ఆర్ ఫేజు మీదున్న హాస్టల్ బ్లాకులో మాత్రం లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. నేను భోజనం ముందు కూర్చుని ఉన్నాను. "అమ్మీటర్ పోయుంటది, పొద్దున చూద్దాం" అన్నాను. ముప్పై ఏళ్లుగా లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్‌ని నేను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

అతను వినలేదు. "మీటరు పోలే సార్. ఫ్యూజు పైన టెస్టర్ పెడితే ఎలుగుతుంది, కింద పెట్టినా ఎలుగుతుంది. పై కొసకూ కింది కొసకూ నడుమ వోల్ట్ మీటర్ పెడితే 20 చూపెడుతుంది" అన్నాడు. మంచి ఫ్యూజయితే ఆ రెండు కొసల మధ్య ఏమీ ఉండకూడదు. పోయిన ఫ్యూజయితే, కింద లోడు ఉంది కాబట్టి, దాదాపు 230 వోల్టులు కనపడాలి. ఈ 20 ఎక్కడిది? పైన 235, కింద 215. అంటే ఫ్యూజు నిజంగానే పోయింది. దాని కింది వైపుకు ఇంకెవరో కరెంటు ఇస్తున్నారు. రాత్రి ఎనిమిదింటికి సోలార్ లేదు, ఇన్వర్టర్లు పడుకున్నాయి, డీజిల్ జనరేటర్ ఆగి ఉంది.

ఫోను చెవి దగ్గరుండగానే అవతల ఫట్‌మన్న చప్పుడు వినిపించింది. సోలార్ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ లగ్గు కరిగి ఊడిపోయింది. అప్పుడు ఆర్ ఫేజు చీకటయింది.

ఆ రాత్రి అతను టెస్టర్ పెట్టి చూడకుండా, ఫ్యూజు పోయింది కాబట్టి కింది వైపు చచ్చిపోయి ఉంటుందనుకుని చెయ్యి పెట్టి ఉంటే ఈ లేఖ ఇంకోలా ఉండేది. అంత తెలివైన మనిషికి మర్నాడు యాజమాన్యం మెమో ఇచ్చింది, లగ్గు సరిగ్గా బిగించలేదని.

ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యడానికి కాదు ఇది రాస్తున్నది. ఈ తప్పు నిర్లక్ష్యం వల్ల జరగలేదు, శ్రద్ధ ఎక్కువై జరిగింది. అందుకే మీ దాకా తెస్తున్నాను. సోలార్ పెట్టిన కాంట్రాక్టర్ నియమాలన్నీ పాటించాడు, డ్రాయింగ్ పద్ధతిగా గీశాడు, అయినా తప్పు ఎక్కడా కనపడలేదు. మనం గీసే బొమ్మలో అది కనపడేందుకు చోటే లేదు.

ఆ కళాశాలకు 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, 11 కేవీ నుంచి 433 వోల్టులకు. తరగతి గదుల కప్పుల మీద 250 కిలోవాట్ల సోలార్ పెట్టారు. ఆ కప్పులకూ ఎల్‌టీ ప్యానెల్‌కూ మధ్య 300 మీటర్ల పైన దూరం. 250 కిలోవాట్లను 415 వోల్టుల దగ్గర తేవాలంటే ఫేజుకు 348 ఆంపియర్లు, 800 వోల్టుల దగ్గరయితే 180 ఆంపియర్లు. కేబుల్ ఖర్చు సగానికి దిగుతుంది. పెద్ద ఇన్వర్టర్లు ఈ రోజుల్లో 800 వోల్టులకే దొరుకుతున్నాయి కూడా. కాబట్టి కాంట్రాక్టర్ ఆ ఇన్వర్టర్ తీసుకుని, ఎల్‌టీ ప్యానెల్ పక్కన 800 వోల్టులను 433కు దించే 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టాడు. లెక్క ప్రకారం తెలివైన పనే. నేనైనా అదే చేసేవాణ్ని.

ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు కనెక్షన్ ఏం రాశాడు? మనందరం రాసేదే: డీవైఎన్ 11. ఎక్కువ వోల్టేజి వైపు డెల్టా, తక్కువ వోల్టేజి వైపు స్టార్, న్యూట్రల్ బయటికి. మన ఊళ్ల గద్దెల మీద నిలబడ్డ డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు ప్రతిదీ ఇదే. పుట్టుమచ్చలా చేతికి అంటుకుపోయింది ఆ మాట. కానీ ఇక్కడ ఎక్కువ వోల్టేజి అంటే ఇన్వర్టర్ వైపు, తక్కువ వోల్టేజి అంటే గ్రిడ్డు వైపు. డెల్టా వెళ్లి ఇన్వర్టర్ వైపు తిరిగింది, న్యూట్రల్ ఉన్న స్టార్ వచ్చి కళాశాల బస్‌బార్ వైపు తిరిగింది. 33 కేవీకి ఎక్కించే పెద్ద సోలార్ క్షేత్రాల్లో ఇందుకు సరిగ్గా తలకిందులు: గ్రిడ్డు వైపు డెల్టా, ఇన్వర్టర్ వైపు స్టార్, ఆ స్టార్ న్యూట్రల్‌ను ఎర్త్ చెయ్యరు.

ట్రాన్స్‌ఫార్మర్ దిగింది. స్టార్ న్యూట్రల్ బుషింగ్ కంటపడింది. న్యూట్రల్ కనపడగానే మా వాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. రెండు ఎర్త్ పిట్లు తవ్వారు, ఉప్పూ బొగ్గూ వేశారు, రెండు వేర్వేరు పట్టీలు లాగారు. మూడున్నర కోర్ కేబుల్‌లో ఆ అర కోరును తెచ్చి న్యూట్రల్‌కు బిగించి, రెండో కొసను ఎల్‌టీ ప్యానెల్ న్యూట్రల్ బస్‌బార్‌కు కలిపారు. న్యూట్రల్‌ను రెండు వేర్వేరు దారుల్లో ఎర్త్ చెయ్యాలన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినట్టే కదా!

సరిగ్గా అక్కడే రోగం మొదలైంది. ఎలాగంటే, డెల్టా అంటే మూడు చుట్లూ కొసకు కొస కట్టిన గొలుసు. స్టార్ వైపు మూడు ఫేజుల్లోనూ ఒకే క్షణాన, ఒకే దిశలో కరెంటు పారితే, దానికి జవాబుగా డెల్టా గొలుసులో కరెంటు గుండ్రంగా తిరుగుతుంది. బయటికి వెళ్లడానికి ఏ తీగా అక్కర్లేదు. ఇన్వర్టర్ నడుస్తోందా, ఆగిందా, అసలు విప్పేశారా అన్నదాంతో దానికి పని లేదు. కాబట్టి హాస్టళ్ల సింగిల్ ఫేజ్ లోడుల తేడా వల్ల పుట్టే న్యూట్రల్ కరెంటుకు ఇప్పుడు ఇంటికి పోయే దారులు రెండయ్యాయి. ఊరి చెరువుకు ఎవరికీ చెప్పకుండా రెండో తూము పెట్టినట్టు. ఇంపిడెన్స్ శాతాలు ఇంచుమించు ఒకటే అయినప్పుడు, 500 కేవీఏకీ 315 కేవీఏకీ ఎనిమిది పాళ్లలో ఐదు పాళ్లు దానికి, మూడు పాళ్లు దీనికి. కళాశాల మొత్తం న్యూట్రల్ కరెంటులో మూడో వంతుకు పైగా, పగలూ రాత్రీ, సోలార్ ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి తిరుగుతోంది.

మరి ప్లాంటు మొదలైనప్పటి నుంచి ఆ రాత్రి దాకా, మూడు నెలలపాటు, ఇది ఎందుకు దొరకలేదు? దొరకనివ్వని మాయ ఇంకోటి ఉంది. అది సోలార్ ఉన్న ప్రతి చోటా ఉంటుంది, అసలది తప్పే కాదు.

ఆ మూడు నెలల్లో పగటి పూట మెయిన్ ప్యానెల్ దగ్గర టాంగ్ టెస్టర్ పెట్టి చూశాం (లెక్క తేలికగా ఉండేందుకు, సోలార్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి మళ్లిన వాటాను కూడా కలిపే ఈ అంకెలు చెబుతున్నాను). ఆర్‌లో 40, వైలో సున్నా, బీలో 20. న్యూట్రల్‌లో 53! ఫేజుల్లో లేని కరెంటు న్యూట్రల్‌లో ఎక్కడ్నుంచి వచ్చింది? పాత సూత్రంలో ఈ 40, 0, 20 పెట్టి చూస్తే న్యూట్రల్ 35 దాటకూడదు. నలుగురం కూర్చుని ఇన్వర్టర్‌ని తిట్టాం, హార్మోనిక్స్‌ని తిట్టాం. నిజానికి అప్పుడు లోడు ఆర్‌లో 120, వైలో 80, బీలో 60. సోలార్ మూడు ఫేజుల్లోనూ సమంగా 80 ఇస్తోంది. అంటే గ్రిడ్డు నుంచి ఆర్‌లోకి 40 వస్తోంది, వైలో లెక్క చెల్లు, బీలో 20 వెనక్కి, గ్రిడ్డులోకి పోతోంది. టాంగ్ టెస్టర్ 20 అని చెబుతుందే గానీ, వస్తున్నదా పోతున్నదా చెప్పదు. ఆ 20కి ముందు మైనస్ గుర్తు పెట్టి లెక్క కడితే సరిగ్గా 53 వస్తుంది. సోలార్ లేకుండా 120, 80, 60కి లెక్క కట్టినా అదే 53. మూడు ఫేజుల ఇన్వర్టర్ మూడింట్లోనూ సమంగా తగ్గిస్తుంది కాబట్టి ఫేజు కరెంట్లు కరిగిపోతాయి, న్యూట్రల్ కరెంటు మాత్రం కదలకుండా అలాగే నిలబడుతుంది. పక్కవాళ్లు చిక్కిపోతే మామూలు మనిషి లావుగా కనపడతాడు చూడండి, అంతే.

ఈ సంగతి తెలియక ఎంతమంది ఎన్ని చోట్ల ఎన్ని న్యూట్రల్ కేబుళ్లు మార్చారో! మేమూ మార్చాం. హాస్టల్ లోడులు ఒక ఫేజు నుంచి ఇంకో ఫేజుకు మార్చి మార్చి సమం చెయ్యబోయాం. కొంత తగ్గింది. మిగిలింది తగ్గలేదు. ఎందుకంటే అది తేడా వల్ల వచ్చేది కాదు. ల్యాప్‌టాప్ చార్జర్లు, కంప్యూటర్ ల్యాబులు, ఎల్‌ఈడీ లైట్లు పుట్టించే మూడో హార్మోనిక్, అంటే 150 హెర్ట్జ్ కరెంటు అది. మామూలు కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఇవి మాత్రం ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. మూడు ఫేజులూ అంగుళం తేడా లేకుండా సమంగా ఉన్నా న్యూట్రల్ వేడెక్కవచ్చు. ఇంకో మాట: చవక టాంగ్ టెస్టర్ ఇలాంటి వంకర కరెంటును తక్కువ చేసి చూపిస్తుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్నదే వాడాలి. ఫ్రీక్వెన్సీ కూడా చూపే రకమైతే పని ఇంకా సులువు. న్యూట్రల్‌లో 50 చూపిస్తే లోడు తేడా, 150 చూపిస్తే హార్మోనిక్.

పగలు ఈ లెక్కలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లగ్గు కరిగిన మర్నాడు రాత్రి నేనే వెళ్లాను. ఎలక్ట్రీషియన్ లగ్గు కొత్తది వేసి ఉంచాడు. పదకొండు దాటాక 800 వోల్టుల వైపు బ్రేకర్ తీసేయించాను. ఇన్వర్టర్‌కూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఇక బంధుత్వం లేదు. ఆ స్థితిలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీగా ఊరకే గూఁ అంటూ కూర్చోవాలి, ఫేజుకు నాలుగైదు ఆంపియర్లు తీసుకుంటే ఎక్కువ. టాంగ్ టెస్టర్ పెట్టాను. ఆర్‌లో 15, వైలో 15, బీలో 15, ఒకటీ రెండూ అటూ ఇటూ. న్యూట్రల్‌కు పెట్టాను. 45.

మూడు సమానమైన ఫేజులు, మధ్యలో వాటికి మూడు రెట్లు న్యూట్రల్. మూడు ఫేజుల తీగలనూ కలిపి ఒకే మెత్తని క్లాంపులో చుట్టి చూస్తే మామూలుగా సున్నాకు దగ్గరగా రావాలి. అదీ 45 చూపింది. మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌లో 75. ఐదు పాళ్లు, మూడు పాళ్లు. నా పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డ ఎలక్ట్రీషియన్ "సోలార్ బంద్ ఉన్నా ఇది పనిచేస్తుంది గద సార్" అన్నాడు. అవును. ఎవరూ జీతమివ్వని పని అది.

ముందు రాత్రి కథ అప్పుడు విడిపోయింది. ఆర్ ఫ్యూజు పోగానే ఆ ఫేజు లోడు అంతా, అప్పటికి 130 ఆంపియర్లు, సోలార్ ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన పడింది. డెల్టా గొలుసు మిగిలిన రెండు ఫేజుల నుంచి మూడోదాన్ని పుట్టించి ఇస్తోంది. అందుకే లైట్లు పోలేదు. కానీ గొలుసులో ఉన్నది ఒకే కరెంటు కాబట్టి స్టార్ వైపు మూడు చుట్లలోనూ 130 చొప్పున ఒకే దిశలో పారాలి. న్యూట్రల్‌లో ఆ మూడూ కలుస్తాయి: 390. 300 చదరపు మిల్లీమీటర్ల మూడున్నర కోర్ కేబుల్‌లో న్యూట్రల్ కోరు 150 చదరపు మిల్లీమీటర్లే. న్యూట్రల్‌లో ఏముంటుందిలే అని సగం చేసిన తీగ అది. ఫేజు తీగల్లో 130, సగం తీగలో 390. లగ్గు ఎవరు బిగించినా కరిగేది.

ఎక్కువ భయపెట్టేది లగ్గు సంగతి కాదు. ఫ్యూజు పోయిన ఫేజు బతికే ఉంటుందన్నది. మన లైన్‌మన్లూ ఎలక్ట్రీషియన్లూ కొన్ని నమ్మకాల మీద బతుకుతారు. ఫ్యూజు పోయింది, అమ్మీటర్ సున్నా ఉంది, రాత్రయింది కాబట్టి సోలార్ లేదు. ఈ మూడూ నిజమైనా ఆ బస్‌బార్ మీద 215 వోల్టులున్నాయి. రాత్రి ఎలాగూ ఇన్వర్టర్ లేదు గానీ, పగలయితే ఆ ఇన్వర్టర్‌కు కూడా ఫేజు పోయిన సంగతి తెలియకపోయే అవకాశం ఉంది. దాని కంటికి మూడు ఫేజులూ ఇంచుమించు ఉన్నట్టే కనపడతాయి మరి.

మందు? స్టార్ న్యూట్రల్ లింకు విప్పడం. ఇన్వర్టర్ కంపెనీ వాళ్లకు ముందు రాసి అడిగాం. ఇన్వర్టర్‌కు మూడు తీగలు చాలు, న్యూట్రల్ అక్కర్లేదని, గ్రిడ్డు వైపు స్టార్ న్యూట్రల్ విడిగా ఉంచవచ్చని రాతపూర్వకంగా జవాబు తెచ్చుకున్నాం. ట్రాన్స్‌ఫార్మర్ తయారీదారుణ్ని న్యూట్రల్ కొసకు పూర్తి ఇన్సులేషన్ ఉందో లేదో అడిగాం. షట్‌డౌన్ తీసుకుని, న్యూట్రల్ కేబుల్‌నూ ఎర్త్ పట్టీలనూ ఆ బుషింగ్ నుంచి విప్పాం. ట్యాంకు బాడీ ఎర్తింగ్ రెండూ అలాగే ఉంచాం. బుషింగ్‌కు తొడుగు వేశాం. ఆ రాత్రి మళ్లీ కొలిస్తే ఇక్కడ న్యూట్రల్‌లో ఏమీ లేదు, మెయిన్ న్యూట్రల్‌లో 120. అక్కడ పెరిగిందేమని ప్రిన్సిపాల్ గారు కంగారు పడ్డారు. పెరగలేదండీ, తప్పిపోయిన 45 ఇంటికి చేరిందని చెప్పాను. మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ పూర్తి సైజుది, దానికది లెక్కే కాదు.

ఈ లేఖను మా తోటి కాంట్రాక్టర్లు కూడా చదువుతారు కాబట్టి ఒక హెచ్చరిక. విప్పమన్నది సోలార్ ట్రాన్స్‌ఫార్మర్ గ్రిడ్డు వైపు న్యూట్రల్‌ను, అదీ ఇన్వర్టర్ వాళ్లు ఒప్పుకున్నాక. మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను ముట్టుకుంటే ఒక ఫేజులో 230 కాస్తా 400 వైపు పోతుంది, హాస్టల్లో ఉన్న టీవీలూ చార్జర్లూ ఒక్క నిమిషంలో బూడిద. ఊళ్లలో న్యూట్రల్ తెగిన రాత్రి ఎన్ని ఇళ్లు ఏడుస్తాయో మనకు తెలియంది కాదు.

ఈ కేసు ఒక్కటే కాదు. న్యూట్రల్‌ను ఎక్కడ పడితే అక్కడ ఎర్త్‌కు కట్టే అలవాటు కూడా ఉంది. ఇన్వర్టర్ ఏసీ డిస్ట్రిబ్యూషన్ బాక్సులో న్యూట్రల్ లింకునూ ఎర్త్ లింకునూ చిన్న తీగతో కలిపేస్తారు. "వోల్టేజి స్థిరంగా ఉంటది సార్" అంటారు. అప్పుడు న్యూట్రల్ కరెంటు కొంత జీఐ పట్టీ పట్టుకుని, కేబుల్ ట్రే పట్టుకుని, ఇన్వర్టర్ బాడీ మీదుగా పోతుంది. దాన్ని పట్టుకోవడం తేలిక: మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ నాలుగూ కలిపి ఒకే క్లాంపులో పెట్టండి. సున్నా రావాలి. రాలేదంటే మిగిలింది నేల మీదుగా నడిచి వెళ్తోంది. ఇక ఒకే ఫేజు మీద సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్లు గుమిగూడే వీధుల కథ వేరు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు, వాటిలో చాలా వాటికి సింగిల్ ఫేజే. అది డిస్కమ్ వాళ్లకు రాయవలసిన ఉత్తరం.

మీకు రాయడానికి కారణం ఇదీ. 2021లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి నెట్ మీటరింగ్‌ను 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడు, ఏది తక్కువైతే అంతవరకు అనుమతించాక కళాశాలలు, ఆసుపత్రులు, కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు సరిగ్గా ఈ సైజు ప్లాంట్లు పెడుతున్నాయి. 800 వోల్టుల ఇన్వర్టర్లు చవక అయ్యేకొద్దీ మధ్యలో ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్లు పెరుగుతాయి. మీ కార్యాలయానికి ఆమోదానికి వచ్చే సింగిల్ లైన్ డయాగ్రమ్‌లో మూడు ఫేజులు ఒకే గీత. పేరులోనే ఉంది. ఆ ఒక్క గీతలో న్యూట్రల్ ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ రెండు సున్నాలు ఒకదాన్నొకటి కోసుకున్న గుర్తు, పక్కన డీవైఎన్ 11 అన్న అక్షరాలు. అక్షరాలు సరిగ్గానే ఉంటాయి. ఏ వైపు ఎవరున్నారో చూస్తే తప్ప తప్పు కనపడదు. ఆ కళాశాల డ్రాయింగ్ నేను తిరగేసి చూశాను. నా చేతికి వచ్చినా దాన్ని తప్పు పట్టేవాణ్ని కాను.

కాబట్టి నా విన్నపం. ఇన్వర్టర్‌కూ వినియోగదారుడి ఎల్‌టీ బస్‌బార్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రతి సోలార్ దరఖాస్తుకూ సింగిల్ లైన్ బొమ్మతో పాటు నాలుగు తీగల బొమ్మ ఒకటి అడగండి. ఏ వైపు డెల్టా, ఏ వైపు స్టార్, న్యూట్రల్ ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగుతుంది, ఎర్త్‌కు ఎన్ని చోట్ల కలుస్తుంది అన్నవి అందులో ఉండాలి. సగం రోజు పని. నాలుగో గీత గీసేటప్పుడే గీసేవాడి చెయ్యి ఆగుతుంది, ఇది దేనికి కలపాలి అని.

రెండోది, రాత్రి పరీక్ష. తనిఖీలు పగలు జరుగుతాయి, జరగాలి కూడా. కానీ ప్లాంటు మొదలుపెట్టే ముందు కాంట్రాక్టర్ ఒక రాత్రి ఇన్వర్టర్ వైపు బ్రేకర్ తీసి, సోలార్ ట్రాన్స్‌ఫార్మర్ మూడు ఫేజుల్లోనూ న్యూట్రల్‌లోనూ కరెంటు కొలిచి సంతకం పెట్టి ఇవ్వాలని ఒక కాలమ్ పెడితే చాలు. నాలుగు అంకెలు. ఆ కళాశాలలో ఆ నాలుగు అంకెలు మొదటి రోజే రాసి ఉంటే 15, 15, 15, 45 అని ఎవరి కళ్లనైనా గుచ్చేవి.

మూడోది మీ నుంచి రావలసిన మాట. కాంట్రాక్టర్లకు భయం ఉంది. న్యూట్రల్ బుషింగ్ కనపడుతూ ఉంటే దాన్ని ఎర్త్ చెయ్యకుండా వదిలితే తనిఖీలో రాస్తారని. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు రెండు ఎర్త్ కనెక్షన్లు అడుగుతున్నది సరఫరా వ్యవస్థ న్యూట్రల్‌కని నేను చదివి అర్థం చేసుకున్నాను. ఆ న్యూట్రల్ మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పుడుతుంది, అక్కడ రెండు పిట్లూ ఉన్నాయి. సోలార్ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎవరికీ సరఫరా ఇవ్వడానికి కాదు. నా అర్థం సరైనదైతే ఆ సంగతి మీరు ఒక సర్క్యులర్‌లో రాయండి: గ్రిడ్డు వైపు స్టార్ ఉన్న చోట, ఇన్వర్టర్ తయారీదారు ఒప్పుకుంటే, న్యూట్రల్ కలపవద్దు, కొత్తగా కొనేవాళ్లు గ్రిడ్డు వైపు డెల్టా తీసుకోవాలి. తప్పైతే అదీ రాయండి, మేం దిద్దుకుంటాం. మీ సంతకం ఉన్న కాగితం లేనంతకాలం, బుషింగ్ చూసిన ప్రతివాడూ పారా పలుగూ తీసుకుని పిట్టు తవ్వుతూనే ఉంటాడు.

న్యూట్రల్ విడిగా ఉంచితే గ్రిడ్డు పోయిన క్షణంలో ఆ కొద్దిసేపు ఎర్త్ ఆధారం ఉండదు గదా అని మీ ఇంజనీర్లు అడుగుతారని తెలుసు. సరైన ప్రశ్నే. గ్రిడ్డు పోతే 2 సెకన్లలో ఇన్వర్టర్ ఆగాలని ఐఎస్ 16169 పరీక్ష చెబుతుంది. ఆ ధ్రువపత్రం ఇప్పటికే దరఖాస్తుతో జతచేస్తున్నాం. దానికి తోడు గ్రిడ్డు వైపు వోల్టేజి రిలే సెట్టింగులు కూడా చూడమని ఒక వాక్యం చేరిస్తే సరిపోతుందని నా ఉద్దేశం. రోజంతా తిరిగే ఒక దొంగ కరెంటుకూ రెండు సెకన్ల సందేహానికీ మధ్య నేనైతే రెండోదాన్నే ఎంచుకుంటాను.

ఆ ఎలక్ట్రీషియన్ మెమోను రద్దు చేయించడానికి నాలుగు నెలలు పట్టింది. కొలతలు కాగితం మీద పెట్టి యాజమాన్యం ముందు నేనే కూర్చుని చెప్పాను. అతను ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాడు. ఆ బుషింగ్ తొడుగు మీద ఎర్ర పెయింటుతో తన చేత్తోనే "కలపొద్దు" అని రాశాడు. కింద తారీఖు వేసి, నా సంతకం కూడా పెట్టించుకున్నాడు. రేపు ఇంకెవరైనా వచ్చి శ్రద్ధగా కలిపేస్తే చూపించడానికి ఆ సంతకం పనికిరాదు. మీ సంతకం కావాలి.

ఇట్లు,
భవదీయుడు,
లైసెన్సు ఉన్న ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, హనుమకొండ